ఇటుకను వంచిన లెక్క

బరోక్ మహలు అనగానే పాలరాయి, బంగారు పూత, కప్పు మీద ఎగిరే దేవదూతలు గుర్తుకొస్తారు. ఉత్తర ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న కరిన్యానో మహలు ముఖద్వారం వైపు నిలబడితే అవేవీ కనిపించవు. కనిపించేది ఇటుక. గార పూయని, రంగు వేయని, కాల్చిన మట్టి రంగులోనే వదిలేసిన ఇటుక. అయితే ఆ గోడ తిన్నగా ఉండదు. మధ్యభాగం వీధి వైపు పొంగుకొస్తుంది, దానికి అటూ ఇటూ లోపలికి నొక్కుకుపోతుంది, రెండు చివర్లలో మళ్లీ తిన్నగా సర్దుకుంటుంది. ఇంత బరువైన కట్టడం అలలా కదులుతున్నట్టుంటుంది. యూరప్‌లో పదిహేడో శతాబ్దపు నగర భవనాల్లో ఇంత సాహసం చేసినవి చాలా కొద్ది అని నా నమ్మకం.

దీన్ని 1679లో మొదలుపెట్టినవాడు గ్వారినో గ్వారిని. మొడెనాలో 1624లో పుట్టాడు, థియేటిన్ సంఘానికి చెందిన క్రైస్తవ సన్యాసి, అంతకుమించి గణితజ్ఞుడు. జ్యామితి మీద పెద్ద గ్రంథమే రాశాడు. చిన్న వయసులో రోమ్‌లో చదువుకుంటున్న రోజుల్లోనే అక్కడ వాస్తుశిల్పి బొరోమినీ గోడలకు వంపులు నేర్పుతున్నాడు. తర్వాత గ్వారిని పారిస్‌లోనూ పనిచేశాడు. అక్కడి లూవ్ర్ రాజభవనం కోసం వాస్తుశిల్పి బెర్నినీ గీసిన మొదటి నమూనాలో కూడా మధ్యలో పొంగే ముఖభాగమే ఉంది. అది కాగితం మీదే ఆగిపోయింది. అలాంటి ఆలోచనకు ట్యూరిన్‌లో రూపం వచ్చింది.

ఈ పొంగు పైపై అలంకారం కాదు, లోపలి అమరిక నుంచి పుట్టింది. భవనం నడిబొడ్డున అండాకారపు గది ఉంది. దాని కడుపే బయటికి తోసుకొచ్చి ముఖభాగమైంది. ఆ గదికి రెండు వైపులా, వంపు వెంబడే, రెండు మెట్లదారులు పైకి వెళ్తాయి. మెట్లు కూడా వంకర తిరిగినవే. ఎక్కేవాడికి గోడ ఎటు తిరుగుతోందో కాళ్లకే తెలుస్తుంది. వీధిలో నిలబడి చూసిన వంపును లోపల నడుస్తూ చదువుకోవచ్చన్నమాట. ఇల్లంతటికీ ఒకే లెక్క ఉండటం అంటే ఇదే.

మరి ఇటుకే ఎందుకు? పో నది మైదానంలో బంకమట్టికి కొదవలేదు, బట్టీల పనికి తరాల అలవాటుంది. చేతికందే సరుకుతో కట్టారన్నది నిజమే. కానీ గ్వారిని దాన్ని సర్దుబాటుగా వాడలేదు. వంపు గోడ కట్టాలంటే ప్రతి వరసలోనూ ఇటుకల మధ్య సున్నం బయటి అంచున ఎక్కువ, లోపలి అంచున తక్కువ పడాలి. వంపు తిరగబడిన చోట ఆ కొలత కూడా తిరగబడాలి. గార పూసే గోడలో తాపీ మేస్త్రి చిన్న తప్పు పూతలో కప్పుకుపోతుంది. ఇక్కడ కప్పుకునే దారి లేదు. కిటికీల చుట్టూ ఉన్న తీగలు, మడతలు, పట్టీలు కూడా చెక్కిన రాయి కావు, అచ్చుల్లో పోసి కాల్చిన మట్టి. కాలినప్పుడు మట్టి కుదించుకుపోతుంది కాబట్టి అచ్చును ఆ మేరకు పెద్దదిగా చేయాలి, లేకపోతే పక్క ముక్కతో అంచు కలవదు. లోపలి ప్రాంగణం గోడల నిండా నక్షత్రాల నమూనా ఉంది. ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తూ గోడంతా ఆకాశమవుతుంది. ఈ మహల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది ఆ ప్రాంగణమే.

కట్టించినవాడి కథ కూడా తెలుసుకోదగ్గది. కరిన్యానో రాకుమారుడు ఇమ్మాన్యుయేల్ ఫిలిబెర్టో పుట్టు చెవిటివాడు. స్పెయిన్‌కు చెందిన రమీరెజ్ దె కరియోన్ అనే గురువు దగ్గర చదవడం, మాట్లాడటం నేర్చుకున్నాడు. ఆయన వంశం పేరు మీద ఉన్న సైనిక దళం 1665లో ఫ్రాన్స్ తరఫున కెనడా వెళ్లి ఇరాక్వాయి తెగలతో పోరాడింది. ప్రధాన అంతస్తు కిటికీల మీద ఈకల తలపాగాలతో కనిపించే మట్టి ముఖాలు ఆ యుద్ధపు గుర్తులు. అట్లాంటిక్ అవతలి మనుషులు యుద్ధ విజయ చిహ్నాలుగా ట్యూరిన్ గోడకెక్కారు. పనితనం ఎంత అందమైనదైనా, ఆ ముఖాల వెనక ఎవరి ఊళ్లు కాలాయో మరిచిపోయి చూడటం నాకు చేతకాదు.

గ్వారిని 1683లో కన్నుమూశాడు. ఆయన వాస్తు గ్రంథం 1737లో గానీ అచ్చుకాలేదు. మహలు మాత్రం చరిత్ర మధ్యకు వచ్చేసింది. ఏకీకృత ఇటలీకి తొలి రాజైన రెండో విక్టర్ ఇమ్మాన్యుయేల్ 1820లో ఇక్కడే పుట్టాడు. 1848 నుంచి అండాకారపు గదిలో, ట్యూరిన్ రాజధానిగా ఉన్న సార్డీనియా రాజ్యపు ప్రతినిధుల సభ కూర్చుంది. ఇటలీ ఏకీకరణ నాయకుడు కవూర్ కూర్చున్న చోటును ఈనాటికీ చూపిస్తారు. 1861లో ఇటలీ అంతటి నుంచీ ప్రతినిధులు వచ్చేసరికి ఆ గది చాలక ప్రాంగణంలో తాత్కాలిక సభామందిరం వేశారు. శాశ్వత మందిరం కోసం తూర్పు వైపు భవనాన్ని పెంచడం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేలోపే, 1865లో, రాజధాని ఫ్లోరెన్స్‌కు తరలిపోయింది. ఇప్పుడక్కడ ఇటలీ ఏకీకరణ మ్యూజియం ఉంది. సవోయ్ రాజవంశపు ఇతర నివాసాలతో కలిపి ఈ మహలు 1997లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

తూర్పు ముఖం తెల్లటి రాయి, గార పనితో, వరస స్తంభాలతో హుందాగా ఉంటుంది. దానికి వంక పెట్టను, కానీ అలాంటి ముఖాలు పంతొమ్మిదో శతాబ్దపు రాజధానులన్నిటా దొరుకుతాయి. గ్వారిని గోడ పడమటి వైపు, కరిన్యానో చౌక్‌లో ఉంది. మధ్యాహ్నం దాటగానే వెళ్లడం మంచిది. వెలుగు పక్కనుంచి పడుతుంది కాబట్టి పొంగిన చోటుకీ నొక్కుకున్న చోటుకీ తేడా అప్పుడే బాగా తెలుస్తుంది.