సెత్స్వానా బైబిలు: అనువాదంలో పూర్వీకులు

త్స్వానా ప్రజల క్రైస్తవ చరిత్రను పాలకుల మతస్వీకారంతో ముడిపెట్టి చెప్పడం పరిపాటి. 1848లో సెచెలే, 1860లో యువరాజు ఖామా బాప్తిస్మం పొందారు. అయితే లోతైన సంఘర్షణ భాషలో జరిగింది. రాబర్ట్ మొఫాట్ అనువదించిన సెత్స్వానా కొత్త నిబంధన 1840లో వెలువడింది. 1857 నాటికి బైబిలు సంపూర్ణమైంది. దేవునికి 'మోదిమో' అనే స్థానిక పదాన్నే స్వీకరించిన ఆయన, పూర్వీకులను సూచించే 'బదిమో'ను దయ్యాలకు వాడాడు. కుటుంబాన్ని కాపాడే పితరులు ఆ గ్రంథంలో వెళ్లగొట్టవలసిన శక్తులయ్యారు. బోత్స్వానా పండితురాలు మూసా దూబే ఇందులో వలసవాద విధ్వంసాన్ని చూశారు.

ఆ విమర్శ సమంజసమే. కాని ఆమె మరొక సంగతినీ గుర్తించారు: ఆఫ్రికన్ స్వతంత్ర సంఘాల స్త్రీలు అదే బైబిలును సోదె చెప్పే సాధనంగా, స్వస్థత కోసం చదువుతున్నారు. నేడు బోత్స్వానాలో క్రైస్తవులే అధిక సంఖ్యాకులు. వారి విశ్వాసాన్ని అంచనా వేయాలంటే అనువాదకుని పదంతోపాటు పాఠకుల వాడుకనూ పరిశీలించాలి.