కందిబద్దంత గ్రంథి పనితనం

రక్తపరీక్ష కాగితంలో కాల్షియం 11.6, విటమిన్ డి 9 అని పక్కపక్కనే కనబడితే చాలామంది తికమకపడతారు. తిండిలోని కాల్షియాన్ని పేగులు పట్టుకోవాలంటే డి విటమిన్ ఉండాలి. అది అడుగంటినప్పుడు కాల్షియం తగ్గాలి గాని ఎలా పెరిగింది? ల్యాబులో ఏదో పొరబాటు జరిగిందనుకుని మళ్ళీ చేయిస్తారు, మళ్ళీ అదే వస్తుంది. నిజానికి ఈ రెండు అంకెలకూ పేచీ ఏమీ లేదు. చాలాసార్లు రెండింటి వెనకా ఉన్నది ఒకటే: పారాథైరాయిడ్ గ్రంథి.

మెడలో థైరాయిడ్‌కి వెనకవైపు ఇవి మామూలుగా నాలుగుంటాయి. ఒక్కొక్కటి కందిబద్దంత, బరువు 30 నుంచి 50 మిల్లీగ్రాములు. రక్తంలో కాల్షియాన్ని డెసిలీటరుకు సుమారు 8.5, 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలపడం వీటి పని. ఈ కణాల పైపొరమీద కాల్షియాన్ని పసిగట్టే గ్రాహకం ఒకటుంది. ఎడ్వర్డ్ బ్రౌన్, స్టీవెన్ హెబర్ట్ బృందం ఆవుల గ్రంథుల మీద పనిచేసి దాని ఆనవాలు పట్టుకున్నది 1993లో. కాల్షియం రవ్వంత తగ్గితే చాలు, క్షణాల్లో హార్మోన్ బయటికి వస్తుంది. పెరిగితే ఆగిపోతుంది. వచ్చిన హార్మోన్ కూడా రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది. నన్ను అబ్బురపరిచేది ఇదే. పంపిన ఆజ్ఞ అంత త్వరగా చెరిగిపోతుంది కాబట్టే, గ్రంథి ఎప్పటికప్పుడు కొత్తగా దిద్దుకోగలుగుతోంది.

ఆ హార్మోన్ ఎముకల్లోంచి కాల్షియాన్ని తీయిస్తుంది, కిడ్నీలో మూత్రం వెంట పోకుండా వెనక్కి రప్పిస్తుంది. అక్కడే మరో పని కూడా చేయిస్తుంది: నిల్వగా ఉన్న డి విటమిన్‌ని పనిచేసే రూపంలోకి మారుస్తుంది. నాలుగింటిలో ఒకటి గడ్డ కట్టి (చాలావరకు ఇది క్యాన్సర్ కాదు) మాట వినడం మానేస్తే హార్మోన్ అదేపనిగా వస్తూనే ఉంటుంది. కాల్షియం పెరుగుతుంది, డి నిల్వ మామూలుకన్నా వేగంగా ఖర్చవుతుంది. ల్యాబు కొలిచేది ఆ నిల్వనే. ఎండ తగలని మన పట్నవాసాల్లో ఆ నిల్వ చాలామందికి ముందే తక్కువ. రిపోర్టులో డి పడిపోయి కనిపించడానికి కారణం ఇదీ.

ఇక్కడ వైద్యుడి పనితనం చూడాలి. కాల్షియం ఎక్కువగా ఉంటే ఆ హార్మోన్ దాదాపు అణగిపోవాలి. అది రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నా సరే, నార్మల్ కాదు. పక్క అంకెతో కలిపి చదివితేనే ఆ తప్పు కనబడుతుంది. క్యాన్సర్ వల్ల కాల్షియం పెరిగితే హార్మోన్ సాధారణంగా అణగి ఉంటుంది. క్షయ వల్ల పెరిగినా అంతే. డి ఇంజెక్షన్లు మితిమీరి వేయించుకున్నవాళ్ళకైతే డి కూడా ఎక్కువే కనబడుతుంది. వంశపారంపర్యంగా వచ్చే ఒక రకంలో ఆపరేషన్ అక్కర్లేదు. దాన్ని వేరుచేయడానికి 24 గంటల మూత్రంలో కాల్షియం కొలుస్తారు. కాని డి లోటువల్ల కూడా ఆ కొలత తగ్గుతుంది. అందుకే జాగ్రత్తగల వైద్యులు ముందు డి సరిచేసి, తర్వాత కొలిపిస్తారు. ఈ ఓపిక నాకు చాలా గౌరవం కలిగిస్తుంది.

ఇదంతా తేలడానికి చాలా కాలం పట్టింది. ఈ గ్రంథిని మొదట గమనించింది మనిషిలో కాదు, లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగంలో. చూసినవాడు రిచర్డ్ ఓవెన్. మనిషిలో దాన్ని వివరంగా వర్ణించి 1880లో ప్రచురించినవాడు స్వీడన్‌లోని ఉప్సాలాకు చెందిన ఇవార్ సాండ్‌స్ట్రోమ్. 1925లో వియన్నా సర్జన్ ఫెలిక్స్ మాండ్ల్ దగ్గరికి ఎముకలు గుల్లబారిన ఒక ట్రామ్ కండక్టర్ వచ్చాడు. గ్రంథి చాలక ఎముక చెడుతోందని అప్పటి నమ్మకం. మాండ్ల్ ముందు ఆ నమ్మకం ప్రకారమే మరో మనిషి గ్రంథిని అతనికి అమర్చాడు. ఫలితం లేకపోయేసరికి ఆలోచనను తలకిందులు చేసి, మెడ తెరిచి వెతికాడు. గడ్డ దొరికింది, తీసేశాక రోగి కోలుకున్నాడు. కొన్నేళ్ళకు జబ్బు తిరగబెట్టిందన్నది నిజమే, అయినా దారి తెరిచింది ఆ కత్తే.

అమెరికాలో ఓడ కెప్టెన్ చార్లెస్ మార్టెల్ ఈ జబ్బుతో ఏడు అంగుళాలు పొట్టి అయ్యాడు. ఆరు ఆపరేషన్లలో గడ్డ దొరకలేదు. 1932లో ఏడోసారి ఎడ్వర్డ్ చర్చిల్, ఆలివర్ కోప్ ఛాతీలో వెతికి కనిపెట్టారు. పిండదశలో కింది రెండు గ్రంథులూ థైమస్ వెంట దిగుతాయి. ఒక్కోసారి ఛాతీలోనే ఉండిపోతాయి. ఆ కెప్టెన్ కొన్ని వారాలకే మూత్రపిండంలో రాయి తెచ్చిన ఇబ్బందులతో చనిపోయాడు.

ఈనాటి ఆపరేషన్‌లో కూడా కంటిదే పెద్దపీట. కొవ్వు పసుపు, గ్రంథి కాస్త గోధుమరంగు. అనుమానం వస్తే ఉప్పునీటిలో వేసి చూస్తారు: కొవ్వు తేలుతుంది, గ్రంథి మునుగుతుంది. గొంతుకి వెళ్ళే నరం పక్కనే ఉంటుంది, దాన్ని తాకకుండా గడ్డ తీయాలి. తీశాక పది నిమిషాలకు రక్తం తీసి హార్మోన్ కొలుస్తారు. సగానికి పైగా పడిపోతే సరైనది తీసినట్టే. నిమిషాల్లో చెరిగిపోయే ఆ గుణమే ఇక్కడ సర్జన్‌కి సాక్ష్యం చెబుతోంది.

పడమటి దేశాల్లో మామూలు రక్తపరీక్షలోనే ఇది బయటపడుతుంది. మనదగ్గర ఇంకా చాలామంది కిడ్నీ రాళ్ళతోనో, విరిగిన ఎముకతోనో వస్తున్నారు. డి లోటు తోడైతే ఎముక మరీ చెడి ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక ఆకలిగొన్న ఆ ఎముకలు కాల్షియాన్ని ఒక్కసారిగా లాగేసుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. అందుకే కాల్షియం ఎక్కువగా ఉన్నా సరే, వైద్యుడి కనుసన్నల్లో, తరచూ రక్తం చూసుకుంటూ, చిన్న మోతాదుల్లో ముందుగానే డి ఇస్తారు. ఇంట్లో ఎవరికి వారు సాషెట్లు చింపి వేసుకునే పని కాదిది.