దీపాలతో తెచ్చిన వరద

ఉత్పల్ దత్‌ని మనవాళ్లు హిందీ ‘గోల్‌మాల్’లో చూసి నవ్వుకున్నారు. ఆయన ప్రాణం మాత్రం కలకత్తా రంగస్థలం మీదే: రాశాడు, ఆడాడు, ఆడించాడు. 1959 చివర్లో మినర్వా థియేటర్‌లో ఆయన ‘అంగార్’ మొదలైంది. బొగ్గు గని కార్మికుల కథ, రవిశంకర్ సంగీతం. చివర గనిలోకి నీళ్లు పొంగి, చిక్కుకున్నవాళ్లు మునిగిపోతారు. ఆ వరదంతా రంగస్థల దీపాల నిపుణుడు తాపస్ సేన్ దీపాలతోనే తెచ్చాడు! ఆ రోజుల్లో కంప్యూటర్ మీటలు లేవు. చేతివాటం, కంటి లెక్క, నటుడు ఎక్కడ నిలబడతాడో తెలిసిన ఓపిక, అంతే. నటుడు అడుగు తప్పితే వెలుగూ తప్పుతుంది, కాబట్టి మునిగే నటుల పనితనం కూడా ఆ నీళ్లలో ఉంది. అంతకుముందే, 1954లో, శంభు మిత్ర ఆడించిన ‘రక్తకరబి’ నాటకానికి వెలుగు కూర్చినవాడూ తాపస్ సేనే. నాకైతే ఆయన గారడీ కంటే చీకటిని వాడుకున్న తీరు గొప్పగా తోస్తుంది.

1965లో మినర్వాలోనే దత్ మరో నాటకం ‘కల్లోల్’, 1946 నావికుల తిరుగుబాటు కథ. ఆ ఏడాదే దత్‌ని జైల్లో పెట్టారు. పత్రికలు నాటకం ప్రకటనలు వేయలేదు. గోడల మీద పోస్టర్లు వెలిశాయి, మినర్వాలో నాటకం నడుస్తూనే ఉంది.