ఎఱ్ఱపుఱ్ఱె

కామిక్సు అనబడు బొమ్మలకథలను విమర్శకు గైకొనుట సాహిత్యపత్రికకు తగునా యని చదువరులలో కొందఱు శంకింపవచ్చును. తగుననియే మా యభిప్రాయము. నారాయణగూడలో పిల్లవాడు భీముని గదను గూర్చి యెంత చెప్పునో కెప్టెన్ అమెరికా డాలును గూర్చియు నంత చెప్పును. ఆ డాలు ఎవనిమీద విసరబడుచున్నదో, వాడెట్టివాడో పెద్దలు విచారింపకుండుట మంచిది కాదు. వాడు రెడ్ స్కల్, అనగా ఎఱ్ఱపుఱ్ఱె; నాజీ. ఫాసిజమునకు ఒక మొగము గీయవలసివచ్చినపుడు ఆ చిత్రకారులు గీసిన మొగమది.

జో సైమన్, జాక్ కర్బీ అను యూదయువకు లిరువురు న్యూయార్కులో కెప్టెన్ అమెరికాను సృజించిరి. 1941 మార్చి సంచికగా వెలువడిన మొదటి పుస్తకపు అట్టమీదనే వారి వీరుడు హిట్లరు దవడను గ్రుద్దుచుండెను. ఆ పుస్తకము 1940 డిసెంబరులోనే అంగళ్లకు వచ్చినది. అమెరికా యుద్ధమున దిగుటకు అప్పటికింకను ఏడాది కలదు. దీనిని సాహసమనక తప్పదు. ఏలయన, 1939 ఫిబ్రవరి 20న అదే న్యూయార్కులో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నందు, సుమారు 20,000 మంది చేరి నాజీ పక్షపాతుల సభ జరిగియుండెను. వచ్చినవారు ముసుగులు ధరించి రాలేదు.

ఎఱ్ఱపుఱ్ఱెయు ఆ మొదటి సంచికలోనే ప్రవేశించెను. మాకు మిక్కిలి నచ్చినది ఈ మొదటి కథయే. ముసుగు ఊడిన పిమ్మట కనబడినవాడు జర్మను కాడు. జార్జి మాక్సన్ అను అమెరికా వ్యాపారి, విమానములు చేయు కర్మాగారమునకు యజమాని. దేశములోని పరిశ్రమలన్నిటికిని మంత్రిని చేయుదునని హిట్లరు ఆశ చూపగా వాడు హత్యలకు పూనుకొనెను. కథ కొద్ది పుటలది. బొమ్మలు మోటువి, సంభాషణలు మఱింత మోటువి. ఐనను ఫాసిజము ఓడనెక్కి వచ్చు పరదేశపు సరకు కాదనియు, పొరుగింటి ధనికుని లాభాపేక్షలో అది ముందే కాపురముండుననియు ఆ పదిసెంట్ల పుస్తకము చెప్పగలిగినది.

తరువాత వ్రాసినవారు ఈ ఎఱుకను నిలుపుకొనలేదు. యుద్ధము ముగిసి ప్రభుత్వపు విరోధులు మాఱగానే, 1953లో అదే పుఱ్ఱెను కమ్యూనిస్టుల పక్షమున నిలిపిరి. ముసుగొకటి చేతనుండగా లోపలి మనిషితో పని యేమని తలచిరి కాబోలు! 1965లో స్టాన్ లీయు కర్బీయు కలసి అసలు ఎఱ్ఱపుఱ్ఱె వేఱొకడని, వాడు జర్మనీవాడని చరిత్ర తిరుగవ్రాసిరి; మాక్సన్ వాని బంటుగా మిగిలెను. ఈ క్రొత్త కథలో మెచ్చదగిన ఘట్టమొకటి లేకపోలేదు. వాడు దిక్కులేని అనాథ. హోటలులో అతిథులకు ఊడిగము చేయువాడు. హిట్లరు తన అధికారిని మందలించుచు, ఈ కుఱ్ఱవానినైనను నీకంటె మేలైన నాజీగా తీర్చగలనని గొప్పలు చెప్పి, అట్లే చేసెను. అవమానమును త్రాగి పెరిగినవాడు క్రౌర్యమును గౌరవమని ఎట్లు పొరబడునో అందు కొంత కలదు. కాని మఱుసటి యేటనే వాని చేతికి కోరినదెల్ల ఇచ్చు మాయాఘనమొకటి వచ్చెను. అంతటితో ఫాసిజము మంత్రవిద్య యైపోయినది. మన బాలనాగమ్మ కథలోని మాయలఫకీరు ప్రాణము సముద్రముల కావల చిలుకలో నుండెను. చిలుక మెడ విఱిచిన కథ కంచికి, మనమింటికి. ఎఱ్ఱపుఱ్ఱెయు ఆ జాతివాడే యయ్యెను. జెండాలు కుట్టినవారును, చందాలిచ్చినవారును, కిటికీ మూసికొని యూరకున్నవారును ఈ పుటలలో కానరారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాను రాత్రి పని ముగించుకొని యింటికి పోవుచుండగా, నారాయణగూడకు చేరువనే యున్న కాచిగూడలో దుండగులు కాల్చి, చేయి నఱికిరి. హైదరాబాదు ఇండియన్ యూనియనులో చేరవలెనని, రజాకార్ల దౌర్జన్యము ఆగవలెనని వ్రాయుటయే ఆయన చేసిన నేరము. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీకి పుఱ్ఱె మొగము లేదు. అతడు లాతూరులో వకీలు. గ్రామములలో ఆ దళములకు తోడునీడయై నిలిచినవారు మన భాష మాటలాడు దేశముఖులు. మాభూమి చిత్రము (1979) ఈ పొత్తును దాచలేదు. అందుచేతనే దానియందు మాకు గౌరవము.

దుష్టుని ఒక్క మొగముగా గీయుటలోని అపాయము ఇంకొకటి కలదు. చూచువారు ఆ మొగమును ఒక మతమునకంతకు తగిలింతురు. చంపబడిన సంపాదకుడును ముసల్మానే యని మఱతురు. సెప్టెంబరు 13 మొదలు 17 వఱకు జరిగిన పోలీసుచర్యకు పిమ్మట, ఆయుధము పట్టనివారు సైతము ప్రతీకారమునకు బలియైరి. ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము మృతుల సంఖ్యను 27,000 నుండి 40,000 వఱకు అంచనా కట్టినది. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజలకు కనబడకుండెను. రజ్వీ మాత్రము చెఱ ముగించుకొని 1957లో పాకిస్తానుకు వెడలిపోయెను.

బొమ్మలకథకులలో ఈ లోపమును గుర్తించినవారు లేరనలేము. 2021లో టా-నెహిసి కోట్స్ వ్రాసిన కథలో ఎఱ్ఱపుఱ్ఱె పిడికిలితో గాక అంతర్జాలముద్వారా పనిచేయును. దారితోచని యువకులకు తామెంతో గొప్పవారమను నమ్మకమును, లోకమంతయు తమకు శత్రువను పగను నూఱిపోయును. అశోక్‌నగరులో ఇఱుకుగదులలో నలుగురైదుగురు చేరియుండి, ఉద్యోగప్రకటనకై యేండ్లు కనిపెట్టుకొని, చిక్కడపల్లి గ్రంథాలయములో చదువుకొను మన పిల్లలు ఈ కథను చదువదగును. వారి కష్టము నిజమైనది. దానికి అబద్ధపు కారణము చూపువారు వారి చేతిఫోనులోనే యున్నారు. ప్రకాశకులకు ఇంత ధైర్యము ఎల్లపుడు లేదు. 2019లో ఆర్ట్ స్పీగెల్మన్ ప్రాతమార్వెల్ కథల సంపుటమునకు పీఠిక వ్రాసి, అమెరికా అధ్యక్షుని నారింజపుఱ్ఱె యని సూచింపగా, ఆ మాట తీసివేయుమనిరి. ఆయన పీఠికనే వెనుకకు గైకొనెను. హిట్లరు దవడ గ్రుద్ది పేరు తెచ్చుకొన్న సంస్థ కథలకే రాజకీయము అంటరానిదైనది!

మాక్సన్ కథను ఎవరైన తెలుగున అచ్చువేయుదురేని మాదొక కోరిక. దాని ప్రక్కనే, అన్నియే పుటలలో, అట్టి బొమ్మలతోనే ఇమ్రోజ్ సంపాదకుని కథను గూడ వేయవలెను. అందు హంతకులకు ముసుగులు గీయకుందురు గాక. వారి వెనుక వీథిని, వీథిలో వెలుగుచున్న దీపములను, తలుపుచాటున నిలిచినవారిని గూడ గీయుదురు గాక.