గోరా, గూల్డ్, బాయి మీది మైసమ్మ

దేవుణ్ణి నమ్మే మనిషి విజ్ఞానాన్ని కూడా నమ్మగలడా? ఈ ప్రశ్న మీద వచ్చిన పుస్తకాల్లో రెండు చిన్నవి నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నాయి. ఒకటి మన నాస్తికుడు గోరా రాసిన 'యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ'. 1951లో అహ్మదాబాద్ నవజీవన్ వాళ్లు వేశారు. ఇంకొకటి అమెరికా పురాజీవ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్ 1999లో రాసిన 'రాక్స్ ఆఫ్ ఏజెస్'. దేవుడూ విజ్ఞానమూ పొసగవని గోరా తేల్చాడు. పొసగుతాయని, పొసగాలని గూల్డ్ వాదించాడు. ఇద్దరూ జీవశాస్త్రం తెలిసినవాళ్లే. గోరా వృక్షశాస్త్రం అధ్యాపకుడు, గూల్డ్ శిలాజాలు చదివినవాడు.

ఈ రెండు పుస్తకాలనూ నేను బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో పెట్టి చదవాలనుకుంటున్నాను. ఇక్కడ ఈ ప్రశ్న రోజూ షిఫ్టుకోసారి ఎదురవుతుంది. బాయి మీద, అంటే గని మీద, మైసమ్మ అమ్మవారు ఉంటుంది. మస్టర్ పడ్డాక, క్యాప్‌ల్యాంప్ తగిలించుకున్నాక, కార్మికుడు అటు తిరిగి ఒక దండం పెట్టుకుని దిగుతాడు. దిగిన తర్వాత అతని ప్రాణం గాలి రీడింగు మీద, కప్పుకు కొట్టిన బోల్టుల మీద, ఓవర్‌మ్యాన్ సంతకం మీద ఆధారపడి ఉంటుంది. ఆ దండం, ఆ రీడింగు ఒకే మనిషివి.

అసలు ఇక్కడి సింగరేణి బొగ్గు గనుల పుట్టుకకే రెండు కథలు. భద్రాద్రి రాముణ్ణి చూడబోతూ దారిలో వంటకు ఆగిన యాత్రికులు పొయ్యి పెట్టుకున్న నల్లరాళ్లు అంటుకుని మండాయని పెద్దలు చెబుతారు. జియొలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడని రికార్డు చెబుతుంది. ఆయన పేరు మీదే 'కింగ్ సీమ్' అనే పొర ఉంది. బొగ్గుబెల్టు ఇళ్లలో ఈ రెండు కథలూ చెప్పుకుంటారు. ఒకటి చెబితే రెండోది అబద్ధమైపోతుందని ఎవరూ అనుకోరు. 2023 డిసెంబర్‌లో జరిగిన గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఈ కార్మికులే ఎర్రజెండా ఏఐటీయూసీని గెలిపించారు. రెండు నెలలు తిరిగేసరికి, 2024 ఫిబ్రవరిలో, బొగ్గుబెల్టు కుటుంబాలు మేడారం జాతరకు బయలుదేరాయి. బయటినుంచి చూసేవారికి ఇది వైరుధ్యం. లోపల ఉన్నవారికి అలా అనిపించదు. ఎందుకు అనిపించదో గోరా చెప్పగలడా, గూల్డ్ చెప్పగలడా అన్నదే నా ప్రశ్న.

ముందు గూల్డ్. ఆయన వాదం సరళంగానే ఉంటుంది. ప్రపంచం ఎలా ఉంది, ఎలా నడుస్తోంది అన్నది విజ్ఞానం పరిధి. బతుకుకు అర్థమేమిటి, ఏది ధర్మం అన్నది మతం పరిధి. ఎవరి హద్దులో వాళ్లు ఉంటే గొడవ లేదు. ఈ గీత ఆయన తీరిగ్గా కూర్చుని గీసింది కాదని గుర్తు పెట్టుకోవాలి. సృష్టివాదాన్ని బడుల్లో విజ్ఞానమని చెప్పించే చట్టం మీద 1981లో ఆర్కన్సాస్ కోర్టులో సాక్ష్యం చెప్పినవాడు ఆయన. మతం తన హద్దు దాటి పాఠ్యపుస్తకంలోకి వచ్చినప్పుడు దాన్ని వెనక్కి నెట్టడానికి ఆ గీత బాగా పనికొచ్చింది.

గూల్డ్ పుస్తకంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఇద్దరు తండ్రుల అధ్యాయం. డార్విన్ పదేళ్ల కూతురు ఆనీని 1851లో పోగొట్టుకున్నాడు. జీవశాస్త్రవేత్త హక్స్‌లీ నాలుగేళ్లయినా నిండని కొడుకును 1860లో పోగొట్టుకున్నాడు. ఓదార్చబోయిన మతగురువు కింగ్స్‌లీకి హక్స్‌లీ మర్యాదగానే జవాబు రాశాడు గానీ, పరలోకం ఉందన్న ఊరటను తీసుకోలేదు. ప్రకృతి మన దుఃఖానికి జవాబుదారీ కాదని, అందులో నీతి వెతకవద్దని గూల్డ్ ఇక్కడ చెబుతాడు. గనిలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఈ మాట అవసరమైనదే. గోదావరిఖని కింద ఉన్న రాయి పాతిక కోట్ల ఏళ్లకు పైబడినది. గ్లాసాప్టెరిస్ అడవులు కుళ్లి, బురద కింద అణిగి బొగ్గైన గోండ్వానా పొర. దానికి మనమీద పగా లేదు, ప్రేమా లేదు.

కానీ ఈ గీత బాయి దగ్గర నిలవదు. గూల్డ్ చెప్పిన మతం అప్పటికే సాధువైపోయిన మతం, వాస్తవాల జోలికి రాని మతం. మైసమ్మను కార్మికుడు జీవితానికి పరమార్థం ఏమిటని అడగడు. కప్పు కూలకుండా చూడమ్మా అని అడుగుతాడు. ఆ కోరిక పూర్తిగా భౌతిక ప్రపంచానికి సంబంధించినది. ఇసుకరాయి ఎక్కడ పగులుతుందన్న ప్రశ్నకు సంబంధించినది. గూల్డ్ లెక్కన ఇది హద్దు మీరిన మతం. అంటే పొసగుతాయని చెప్పిన ఆయన సూత్రం నిజంగా మొక్కే మనుషుల్లో ఎక్కువమందిని బయటే నిలబెడుతుంది. చదువుకున్నవారి భక్తికి మాత్రమే అందులో చోటు దొరుకుతుంది. ఇది చిన్న లోపమని నేను అనుకోను.

గోరాకు ఈ సంగతి ముందే తెలుసు. నమ్మకం వాస్తవాల గురించి మాట్లాడుతుందని, చేతుల్ని కదిలిస్తుందని లేదా కట్టేస్తుందని ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు. దేవుడు లేడన్నందుకు 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. గ్రహణం రోజు గర్భిణులు బయటికి రాకూడదన్న భయాన్ని సరస్వతి గోరా తానే గర్భవతిగా ఉండి బయటికి వచ్చి ధిక్కరించారు. ఆ దంపతులకు విజ్ఞానమంటే అలా ఒంటి మీద వేసుకుని చూపవలసినదే.

గాంధీతో సంభాషణల్లో గోరా ముందుకు తెచ్చిన బలమైన ఉదాహరణ 1943 నాటి బెంగాల్ కరువు. కలకత్తా వీధుల్లో తిండి ఉన్న దుకాణాల ముందే జనం చచ్చిపోయారు. చచ్చేవాడూ తన రాత అనుకున్నాడు, దుకాణదారూ వాడి రాత అనుకున్నాడు. దైవం మీద నమ్మకం ఇద్దరిలోనూ బాధ్యతను చంపిందని గోరా వాదం. ఆయన నాస్తికత్వం ఉన్నదే ఇందుకు: దేవుణ్ణి తీసేస్తే మనిషి తన పనికి తానే జవాబు చెప్పుకోవాలి. గాంధీ ఈ మాటను కొట్టిపారేయలేదు. గోరా కూతురి పెళ్లిని, దళిత యువకుడితో, తానే దగ్గరుండి జరిపిస్తానని, దేవుడి పేరుకు బదులు సత్యం పేరు వాడదామని ఒప్పుకున్నాడు. ఆ పెళ్లి గాంధీ హత్య తర్వాత 1948 మార్చిలో ఆయన ఆశ్రమం సేవాగ్రామ్‌లో జరిగింది. గూల్డ్ పుస్తకంలో ఇంత ఖరీదైన సంభాషణ ఒక్కటీ లేదు. ఇద్దరూ తమ జీవితాలను పందెం పెట్టి మాట్లాడుకున్నారు.

అయినా గోరా దగ్గర కూడా నాకు ఒక చోట అడ్డు తగులుతుంది. నమ్మకం చేతుల్ని కట్టేసి తీరుతుందని ఆయన అనుకున్నాడు. బాయిలో మొక్కే చేతులే కర్రతో కప్పును కొట్టి చూస్తాయి. గట్టి శబ్దం వస్తే ఒక అర్థం, డొల్ల శబ్దం వస్తే ఇంకో అర్థం. మీథేన్ గాలిలో అయిదు శాతం నుంచి పదిహేను శాతం మధ్య ఉంటే నిప్పు తగిలినప్పుడు పేలుతుంది. అందుకే 1.25 శాతం దాటగానే కరెంటు తీసేయాలని నిబంధన. మైసమ్మకు మొక్కాను కాబట్టి ఈ పూట కప్పు కొట్టి చూడను అనే మైనింగ్ సర్దార్‌ను ఎవరూ ఒప్పుకోరు, మొక్కే తోటివాళ్లు అసలే ఒప్పుకోరు. సిద్ధాంతాన్ని ఆచరణలో పరీక్షించాలన్నది గోరా సొంత పద్ధతే. ఆ పద్ధతినే ఇక్కడ వాడితే ఆయన సిద్ధాంతాన్ని కొంత సవరించక తప్పదు.

బాయిలో ఒప్పందం ఇలా ఉందని నాకు అర్థమైంది: అమ్మవారిని ఏమైనా అడగొచ్చు, కానీ రీడింగు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పే పని అమ్మవారికి అప్పగించరు. ఇది గూల్డ్ గీసిన గీత కాదు. మొక్కు, రీడింగు రెండూ ఒకే కప్పు గురించి, ఒకే గాలి గురించి మాట్లాడుతున్నాయి. కానీ ఎవరు ముందు, ఎవరి మాట చెల్లాలి అన్నది తేలిపోయి ఉంది.

ఈ ఇద్దరికీ తోడు మూడో మనిషిని తెస్తాను. ఆయన గోరాకు నచ్చడు, గూల్డ్ లెక్కలో ఇమడడు. ఇంగ్లండ్ ఈశాన్య బొగ్గు ప్రాంతంలో జారో అనే ఊరి చర్చి పాదిరి జాన్ హాడ్జ్‌సన్. 1812 మే 25న ఆయన పారిష్‌లోని ఫెల్లింగ్ గనిలో గ్యాసు పేలి 92 మంది చనిపోయారు, వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. ప్రమాదాల గురించి రాయవద్దని గని యజమానులు పత్రికలను కోరే రోజులవి. హాడ్జ్‌సన్ అంత్యక్రియల ప్రసంగాన్ని 1813లో అచ్చువేయించాడు. దానికి ముందు గని వర్ణన పెట్టాడు, గని ప్లాను పెట్టాడు, ప్రమాదం ఎలా జరిగిందో వివరంగా రాశాడు. ప్రార్థనతో పాటు ప్లానును అచ్చువేసిన పాదిరి!

అక్కడితో ఆగలేదు. 1813లో సండర్లాండ్‌లో గని ప్రమాదాల నివారణకు ఒక సంఘం ఏర్పడింది. అందులోని ఇంకో పాదిరి రాబర్ట్ గ్రే రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీకి ఉత్తరం రాశాడు. డేవీ 1815లో వలకప్పిన దీపం తయారు చేశాడు. 1816 జనవరిలో ఆ దీపం పట్టుకుని హెబర్న్ గనిలోకి దిగినవారిలో హాడ్జ్‌సన్ ఒకడు. దీపం పేలుతుందో లేదో అప్పటికి పూర్తిగా తేలలేదు. దేవుడి మీద నమ్మకం ఉన్న మనిషి ఇనుప వల రంధ్రాల మీద నమ్మకంతో గ్యాసులోకి నడిచాడు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. దీపం వచ్చాక గని మరణాలు ఆశించినట్టు తగ్గలేదు. అంతకుముందు ప్రమాదమని వదిలేసిన గ్యాసు పొరల్లోకి, దీపం ఉంది కదా అని, మనుషుల్ని పంపారు. విజ్ఞానం ఇచ్చిన భద్రతను ఉత్పత్తి తినేసింది. విజ్ఞానం మీద నమ్మకం అనే మాటను మనం పుస్తకాల్లో వాడినంత తేలిగ్గా గనిలో వాడకూడదనడానికి ఇదే కారణం. గని కార్మికుడు భౌతికశాస్త్ర సూత్రాన్ని మాత్రమే నమ్మి దిగడు. ఆ సూత్రం ప్రకారం ఎవరో నిజాయితీగా కొలిచారని, కొలిచింది కొలిచినట్టు రాశారని నమ్మి దిగుతాడు. గూల్డ్ గానీ గోరా గానీ ఈ మధ్య మెట్టు గురించి మాట్లాడరు. ఇద్దరి దృష్టిలోనూ విజ్ఞానం అంటే నేరుగా ప్రకృతి ముందు నిలబడ్డ బుద్ధి.

మళ్లీ గోదావరిఖనికి వస్తే, 2003 సంవత్సరం ఈ ఊరికి మరచిపోలేనిది. జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఎ ఇంక్లైన్‌లో కప్పు కూలి 10 మంది చనిపోయారు. నీటి ప్రమాదం దేశానికి కొత్త కాదు. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చస్‌నాలాలో 375 మంది అలాగే పోయారు. నీళ్లు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు పని చేయాలంటే ముందస్తు రాతపూర్వక అనుమతి ఉండాలన్న నియమం 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల్లోనే ఉంది. అంటే నీరు ఎలా వస్తుందో, ఎంత దూరంలో ఆగాలో మనిషికి ఎప్పుడో తెలుసు.

ఇలాంటి చావుల తర్వాత ఇంటివాళ్లు రాత అన్నారంటే అది దుఃఖం మోయడానికి వాళ్లకు దొరికిన మాట. దాన్ని వాళ్ల దగ్గరినుంచి లాక్కునే హక్కు నాకు లేదు, హక్స్‌లీ లాంటి గుండె అందరికీ ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు. కానీ అదే మాట పనికి బాధ్యులైనవాళ్ల నోట వచ్చినప్పుడు గోరా చెప్పిన కలకత్తా దుకాణదారు నా కళ్ల ముందుకు వస్తాడు. అప్పుడు గోరా నూటికి నూరు పాళ్లు సరైనవాడు. ఒకే మాట రెండు నోళ్లలో రెండు పనులు చేస్తోంది: ఒక చోట ఓదారుస్తోంది, ఇంకో చోట విచారణను మూసేస్తోంది. దేవుడికీ విజ్ఞానానికీ మధ్య నిజమైన తగాదా ఈ రెండో చోట ఉంది, షిఫ్టుకు ముందు పెట్టే దండంలో లేదు. నాస్తికుడైన అధికారి కూడా రాతకు బదులు 'ప్రకృతి వైపరీత్యం' అని అదే పని చేయగలడు. నమ్మకం ఏదైనా, కారణం వెతకడం మానేసే చోటే గీత గీయాలి.

గూల్డ్ గీత తప్పు చోట పడింది, కానీ దుఃఖం గురించి ఆయన రాసింది నిలుస్తుంది. గోరా గీతే గీయలేదు, ఒక వైపును తుడిచేయమన్నాడు, కానీ బాధ్యత గురించి ఆయన అడిగిన ప్రశ్న ఇద్దరిలో పదునైనది. ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడతావంటే, గోదావరిఖనిలో ఉన్నంతసేపు గోరా పక్కనే. మైసమ్మ గుడిని మాత్రం ముట్టనివ్వను.

హాడ్జ్‌సన్ చేసిన పని ఇక్కడ చేయడానికి అడ్డేమీ కనబడదు. ప్రతి బాయి మీదా, మైసమ్మ గుడికి పక్కనే, ఆ గనిలో జరిగిన ప్రతి ప్రాణాంతక ప్రమాదం విచారణ సారాంశం తెలుగులో, గని ప్లానుతో సహా పెట్టాలి. నీరు ఎటునుంచి వచ్చింది, కప్పు ఎక్కడ విరిగింది, ఏ నియమం తప్పింది అన్నవి మస్టర్ వేసుకునే మనిషి దిగేముందు చదువుకునే వీలుండాలి. సంఘాలు ఎన్నికల కోరికల జాబితాలో పెట్టుకోదగ్గ సంగతి ఇది. బోనాల నాడు బాయి మీద చేరే జనం ముందు ఆ ప్లాను గీసి చూపించవచ్చు. పండగ నాడు ఆ మాటేమిటని భక్తులెవరూ అడ్డుపడతారని నేను అనుకోను.