వెలుగును లెక్కగట్టే తోలుపని

18వ శతాబ్దపు ఫ్రాన్సులో సంపన్నుల గదుల్లో తలుపుల పైనా, గోడ పలకల మీదా ఫ్రాన్స్వా బూషే వంటి చిత్రకారులు పట్టుబట్టలు కట్టిన గొర్రెల కాపరులను చిత్రించారు. ఆ బొమ్మల్లో మంద ఉంటుంది గానీ ఎండా దుమ్మూ ఉండవు. కానీ అనంతపురం వైపు, వానకు మొహం వాచిన రాయదుర్గం సీమలో మేకలంటే ముచ్చట కాదు, బతుకు. ఆ అనంతపురం మెట్టలోనే, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో, మేకతోలే చిత్రపటమవుతుంది. తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి, బిగించి ఆరబెడితే వెలుగు చొరబడే పలచని పొర మిగులుతుంది. దానిమీద జింకలు, చిలకలు, పూలతీగలు గీస్తారు. ఉలితో కొట్టిన సన్నని చిల్లులే దీపం ముందు నగలై, చీర అంచులై మెరుస్తాయి. రంగు రెండువైపులా పూస్తారు; ఒకవైపే పూస్తే వెనక దీపం వెలిగేసరికి వెలవెలబోతుంది.

ఇదే తోలుతో తయారై తెరమీద రాముడై, రావణుడై ఆడిన తోలుబొమ్మ ఇప్పుడు లాంపుషేడుగా, గదిలో అడ్డుతెరగా నిలబడిపోవడం దిగజారుడే కదా అనవచ్చు. పాటా, మాటా, కథా పోయిన లోటు నిజమే, దాన్ని ఏ దీపమూ పూడ్చదు. అయితే ఈ పనిలో అసలు నేర్పు కథ ఒక్కదానిలోనే లేదు; బొమ్మ వెనక వెలుగుంటుందని ముందే లెక్కగట్టి గీయడంలో ఉంది. ఆ లెక్క లాంపుషేడులోనూ చెక్కుచెదరలేదు. బూషే పటానికి గదిలో వెలుగు కావాలి. నిమ్మలకుంట పటం గదికే వెలుగిస్తుంది.