మాలపల్లియందలి సఖ్యము – విమర్శకుల తీర్పులు

వర్ణభేదముగలవారి మైత్రిని వస్తువుగా గొన్న కథలు నేడు లోకమున విరివిగా వెలువడుచున్నవి. టెలివిజనులో వారమువారము నడచు హాస్యకథలయందు తెల్లవాడును నల్లవాడును ఒక యింట వసించుటయు, ఒకరినొకరు పరిహసించుకొనుటయు చూపబడుచున్నది. అట్టి కథ బయలువెడలినప్పుడు విమర్శకులు తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు: ఇద్దఱు మిత్రులలో రెండవవానికి తన బ్రదుకు తనకు గలదా, లేక మొదటివాని యౌదార్యమును వెల్లడించుటకే వాడు కల్పింపబడెనా? ఇది పాశ్చాత్యుల ప్రశ్న యని మనము త్రోసివేయ బనిలేదు. నూఱేండ్లకు బూర్వమే గుంటూరు సీమలో ఈ ప్రశ్నకు లక్ష్యము కాదగిన గ్రంథ మొకటి పుట్టినది. అది శ్రీ ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి మాలపల్లి. దానినిగూర్చిన విమర్శలు మిక్కుటముగ వచ్చినవి. కాని యందలి సంగదాసు రామానాయుడుల సఖ్యము తగినంతగా విచారింపబడలేదని నా యభిప్రాయము. ఆ విచారణమే యీ వ్యాసమునకు బ్రయోజనము.

పంతులుగారు 1877లో సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున జన్మించిరి. డబ్లిను నగరమున న్యాయవిద్య నభ్యసించి బారిష్టరైరి. పల్నాటి యటవీసత్యాగ్రహసందర్భమున శిక్షితులై, రాయవేలూరు కారాగారమున నీ నవలను రచించిరి. 1922లో నిది రెండు భాగములుగా అచ్చుపడెను. సంగవిజయమని దీనికి నామాంతరము. చెన్నపురి ప్రభుత్వము దీనిని నిషేధించెను. 1926లో శాసనసభయందు చర్చ జరిగిన పిదప, కొన్ని మార్పులతో 1928లో ననుమతి లభించెను. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు దీనిని పాఠ్యగ్రంథముగా స్వీకరించెను. 1936లో మఱల నిషేధము గలిగి, పాఠ్యగ్రంథపదవియు దొలగెను. 1937లో శ్రీ రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఆ నిషేధమును రద్దుచేసెను. కావున నీ గ్రంథమునకు మొదటి విమర్శకుడు ప్రభుత్వమే యనవచ్చును. ఆ విమర్శకుడు గ్రంథమున రాజద్రోహమును వెదకెనేగాని రసమును వెదకలేదు.

రెండవ తెగ విమర్శకులు భాషావాదులు. వీరి యాక్షేపణము గ్రంథము వ్యావహారికమున వ్రాయబడెనని. వ్యాకరణము చదివి, దానినే చెప్పుకొని బ్రదుకువాడ నగుటచే ఈ యాక్షేపణముయొక్క బలము నే నెఱుగుదును. అయినను నొక విషయ మాలోచింపదగియున్నది. సంస్కృతనాటకములయందు రాజు సంస్కృతమున బలుకును, పరిచారకుడు ప్రాకృతమున బలుకును. అచ్చట భాషాభేదము స్థానభేదమునకు గుఱుతు. మాలపల్లియందు పాలేరు పలుకుబడియు, కథ చెప్పువాని పలుకుబడియు నొకే నేలనుండి మొలచినవి. కవి యెత్తుపీటపై గూర్చుండి క్రిందివారి మాటల నుల్లేఖించినట్లు గాక, వారి నడుమ గూర్చుండి మాటలాడినట్లున్నది. దీనిని భాషాదోషమనుటకంటె వస్తువునకు దగిన యౌచిత్య మనుట న్యాయము. శ్రీ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పీఠిక వ్రాసి యీ గ్రంథము నాదరించుట యీ సందర్భమున స్మరణీయము.

మూడవ తెగవారు రాజకీయవిమర్శకులు. రామదాసు కుమారులలో సంగదాసు శాంతిమార్గమును, వెంకటదాసు తిరుగుబాటు మార్గమును బట్టిరి. అందుచే గొందఱు దీనిని గాంధేయనవల యనిరి. మఱికొందఱు సామ్యవాదమునకు దెలుగున దొలిపలుకనిరి. ఈ వాదమున నన్నదమ్ములిద్దఱు రెండు మతములకు బ్రతినిధులైరి. సంగదాసునకు మిత్రుడొక డున్నాడను సంగతి మఱుగుపడెను. కాని కథాసూత్రమును బట్టి చూచినచో నన్నదమ్ముల భేదముకంటె మిత్రుల యభేదమే మూలము. సంగదాసు మంగళాపురమున భూస్వామియగు చౌదరయ్యకడ పాలేరు. రామానాయుడు చౌదరయ్య కుమారుడు. వీరిరువురు గలసి మాలపల్లి యభ్యుదయమునకై పాటుపడుదురు. కూలినిగూర్చి కూలివారికి భూస్వాములకు వివాదము గలుగగా, చౌదరయ్య కోపావేశమున సంగదాసును గొట్టును. ఆ దెబ్బతో సంగదాసు మరణించును. మిత్రుని చంపినది మిత్రుని తండ్రి చేయి. నవలకు నాయువుపట్టు ఇదియే.

ఇక సఖ్యమనగా నేమో నిర్ణయింతము. మిత్రశబ్దము స్నేహనార్థకమగు మిద్ధాతువునుండి వచ్చినది. అందు బ్రేమ యొక్కటియే చాలును. యజమానునకు సేవకునిపై బ్రేమ యుండవచ్చును, గృహస్థునకు గోవుపై బ్రేమ యుండవచ్చును. సఖిశబ్ద మట్టిది గాదు. సమానశబ్దము పూర్వమందుండగా ఖ్యాధాతువునుండి యుణాదులు దానిని సాధించినవి. సమానముగా బ్రకాశించువాడు, తనతో సమానముగా బ్రసిద్ధి గలవాడు సఖుడు. కావున సమత్వము లేనిచోట మిత్రుడుండవచ్చును గాని సఖుడుండ నేరడు.

మఱియొక శాస్త్రవిషయము. ద్వంద్వసమాసమున రెండు పదములు గలసి యేకవచనము పొందుట యేకవద్భావము. శూద్రవాచకములకు నీ యేకవద్భావమును విధించుచు పాణిని యొక నియమము పెట్టెను: అది బహిష్కృతులుగాని వారికి మాత్రమే చెల్లును. తక్షకునకు, కమ్మరికి నది కలదు, చండాలమృతపులకు లేదు. ఎవరు బహిష్కృతులని విచారించి పతంజలి చెప్పిన తాత్పర్యమిది: ఎవడు భుజించిన పాత్ర తోమినను శుద్ధి కాదో వాడు బహిష్కృతుడు. ఈ సూత్రమును మేమందఱము బాల్యమున వల్లించితిమి. వల్లించినవారు దాని యర్థమును దమ యూరికి నన్వయించి చూచుట యరుదు. ఒక సమాసమున నొకటిగా నుండుటకైనను పాత్రవిచార మడ్డమువచ్చిన సమాజమున, సంగదాస రామానాయుడుల కేకవద్భావ మెట్లు సిద్ధించును? పంతులుగారు తమ నవలలో నడిగిన ప్రశ్న యిదియే.

ఇచట నాలుగవ తెగవారగు దళితవిమర్శకుల పూర్వపక్షమును వినవలయును. నవలాకర్త బ్రాహ్మణుడు, ఉద్ధరణమునకు బూనినవారిలో భూస్వామి కుమారుడొకడు, చచ్చినవాడు పాలేరు, పేరు పొందినవాడు రామానాయుడు. ఇది సఖ్యమా, దయయా యని వారి ప్రశ్న. దీనిని ద్వేషమూలకమని కొట్టివేయుట పండితులకు దగదు. ఇది మొదట జెప్పిన ప్రశ్నయే. మన నేలయందు రక్తముతో దడిసి వచ్చినది.

దీనికి సమాధాన మిట్లు చెప్పవచ్చును. నవలయొక్క పూర్వభాగమున నీ దోషము లేదు. రామానాయుని హృదయము మంచిదే. అయినను వాని మంచితనము సంగదాసును గాపాడలేదు. ఏల? సఖ్యము మాటలలో నడచినంతసేపు చౌదరయ్యకు గలిగిన నష్టము స్వల్పము. అది కూలి గింజల లెక్కకు వచ్చినప్పుడు చేయి లేచినది. ప్రత్తిచేలకును, మిరపతోటలకును బేరువడిన యీ నల్లరేగడి సీమలో బండించువానికిని బొలముగలవానికిని గల సంబంధము గాదెకడ దేలునేగాని సభలో దేలదని పంతులుగా రెఱుగుదురు. ఇద్దఱు యువకుల ప్రేమచేతనే కులము కరగిపోవునని వారు చెప్పలేదు. చెప్పియుండినచో నది శుష్కబోధ యయ్యెడిది. చెప్పకపోవుటయే యీ గ్రంథముయొక్క ఘనత.

ఉత్తరభాగమున మాత్రము దోషము గలదు. మరణించిన సంగదాసుని పేర సంగపీఠము వెలయును. నాటినుండి సంగదాసు స్మరణీయుడగును, పూజనీయుడగును. మనుష్యుడుగా మఱి కానరాడు. నవవిధభక్తులలో సఖ్యమును నొకటి. కాని సఖ్యము భక్తిగా మాఱినప్పుడు సమత్వము పోవును. సేవకుని క్రిందనుంచుట యెట్లసమత్వమో, వానిని బీఠముపై నిలుపుటయు నట్లే యసమత్వము. బ్రదికియున్న సంగదాసున కొక పొరపాటు గాని, యొక మొండితనము గాని, యొక వేళాకోళము గాని మఱికొంత కల్పింపబడియుండినచో పాఠకునకు వాడు సఖుడయ్యెడివాడు. దళితవిమర్శకుల యాక్షేపణ మిచట నిలుచును.

ఈ దోష మొక్క మాలపల్లిదే కాదు. అమెరికాదేశమున మార్కు ట్వెయిను రచించిన హకిల్‌బెరీ ఫిన్ నవలయందు, తెల్లబాలు డొకడును బానిసత్వమునుండి పాఱిపోవు జిమ్మను నల్లవాడును దెప్పపై నదీప్రయాణము చేయుదురు. 1885లో కాంకర్డు గ్రంథాలయమువా రా పుస్తకమును మోటు భాష గలదని తొలగించిరి. తరువాతి కాలమున నల్లజాతివారి కది యవమానకరమను నాక్షేపణ వచ్చెను. అచ్చటను మొదట భాష, పిదప సమత్వము విమర్శకు వచ్చినవి. దాని కడపటి ప్రకరణములలో జిమ్ము స్వాతంత్ర్యము బాలుర యాటగా మాఱెనని విమర్శకులు నిందించిరి. ఒకచోట మిత్రు డాటవస్తువయ్యెను, మఱియొకచోట విగ్రహమయ్యెను. రెండుచోటులను సఖుడు తప్పిపోయెను.

గుంటూరు సీమవాడే యగు వినుకొండ కవి శ్రీ గుఱ్ఱము జాషువ 1941లో గబ్బిలమును బ్రకటించెను. మేఘసందేశమున యక్షుడు మేఘముతో బంధుభావమున మాటలాడును. జాషువ నాయకునకు మనుష్యులలో నట్టివా డొక్కడును దొరకలేదు. గుడిలోనికి బోగల గబ్బిలము మాత్రమే దొరకెను. మాలపల్లి వెలువడిన పందొమ్మిదేండ్లకు, దళితకవియే స్వయముగా దన కథను జెప్పునప్పుడు రామానాయుడు కానరాకపోవుట గమనింపదగినది. ఆ శూన్యమును మాలపల్లిపై వచ్చిన మిక్కిలి సూక్ష్మమైన విమర్శగా నేను భావింతును.

ఈ విచారము పుస్తకములకే పరిమితము కాదు. 1985 జూలై 17న కారంచేడులో నార్గురు మాదిగలు చంపబడిరి. త్రాగునీటి చెఱువుకడ బుట్టిన కలహము దానికి మొదలు. 1991 ఆగస్టు 6న చుండూరులో నెనమండుగురు దళితులు చంపబడిరి. సినిమాహాలులో బుట్టిన కలహము దానికి బూర్వరంగము. ఒకటి నాడు ప్రకాశము జిల్లాలోనిది, మఱియొకటి గుంటూరు జిల్లాలోనిది. 2022నుండి రెండును బాపట్ల జిల్లాలోనివి. పతంజలి పాత్రనుగూర్చి చెప్పెను. కారంచేడున నీరు, చుండూరున నాసనము. మంగళాపురము కల్పిత గ్రామమే యైనను పంతులుగారి యూహ కల్పితము గాదని యీ రెండూళ్లు చాటినవి. పిమ్మటనే దళితసాహిత్యము తెలుగున బలము గొనెను. పూర్వగ్రంథముల పునర్విచారణయు దఱచయ్యెను.

కావున సిద్ధాంతమిది. మాలపల్లి భాషచేతను, రాజకీయముచేతను గొప్పదని చెప్పి విడుచుట చాలదు. మైత్రి సఖ్యము గాకపోవుటకు గారణమును గాదెకడ జూపుటచే నది గొప్పది. చనిపోయిన మిత్రుని దేవునిగా జేయుటచే గొఱత గలది. పాఠశాలలలో నీ గ్రంథమును బోధించు పండితులు సంగదాసుని త్యాగమును వర్ణించుటతో నాపక, రామానాయుడు చేయలేకపోయిన దేమో విద్యార్థుల నడుగవలయును. ఏకవద్భావసూత్రమును జెప్పునప్పుడును, దానిలోని బహిష్కృతశబ్దముకడ గొంచెము నిలువవలయును. విద్వాంసులు దీనిని విమర్శింతురు గాక.